ఇక చాలు, పెంచండి

ఖుడీ ఇసుక దిబ్బలు

గౌరవనీయులైన సిస్టర్ ఫిలోమినా గారికి, మీ లైబ్రేరియన్ లెహర్ చేసుకునే నమస్కారాలు.

క్షేమంగా చేరాను. క్షేమంగా ఉన్నానని రాయడానికి మాత్రం ఇంకా ధైర్యం చాలడం లేదు.

ఇసుకలోనే పుట్టి పెరిగాం గానీ, దాని మీద ఎగరాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. టీచర్ల సాహస శిబిరంలో మా శిక్షకుడు పెంబా గారు సిక్కిం మనిషి. మొదటి రోజే నా నడుముకు పట్టీలు బిగించి, వెనక పెద్ద గొడుగులాంటి గుడ్డ కట్టి, ముందు జీపుకు తాడు ముడివేశారు. జీపు కదిలింది. కాళ్లు నేల విడిచాయి. ఇక చాలని మర్యాదగానే అరిచాను. జీపు ఇంకా వేగం అందుకుంది. పైనుంచి మేకలు ఆవగింజల్లా కనిపించాయి.

కిందికి దిగాక ఒంటెల సాదూల్ ఖాన్ అడిగాడు. "అంతదాకా వెళ్లారు కదా బాయీసా, వాన సంగతేమైనా తెలిసిందా?"

ట్రస్టీ ఠాకుర్‌సా మన లైబ్రరీని ఏం చేయమన్నారో ఆయా భంవరీ చెప్పింది. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. పుస్తకాలతో కూర్చునేవాళ్ల ఒంట్లో రక్తం ఉండదని ఆయన నమ్మకం. ఈ శిబిరం సర్టిఫికెట్ చూపిస్తే ఆయన మనసు మారుతుందన్న ఒక్క ఆశతో వచ్చాను. నాకు ఈ లోకంలో కూర్చోవడానికి చోటంటూ ఉన్నది ఆ గదే. అది నిలబడితే చాలు.

ఇట్లు,
మీ విధేయురాలు,
లెహర్ కంవర్ భాటీ

తా.క.: నా కళ్లజోడు ఆకాశంలో పోయింది.

బాడ్‌మేర్ కాన్వెంట్

ప్రియమైన లెహర్‌కు, ప్రభువు కృప నీ మీద ఉండాలి.

పెంబా గారు ఫోన్ చేశారు. నీలాంటి మనిషిని ఎక్కడా చూడలేదట. గాల్లో వేలాడుతూ కూడా "పెంచండి, పెంచండి" అని అడుగుతూనే ఉన్నావట. తరగతిలో హాజరు పలకడానికి భయపడిన పిల్లవి నువ్వు. పొద్దుటి ప్రార్థన తర్వాత ఈ సంగతి అందరికీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. నిన్ను పై జట్టులో వేయమని నేనే అడిగాను.

ఠాకుర్‌సా మనసు మారాలని నీకెందుకో అర్థం కాలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను. గది నిలబడాలన్నావు. తూర్పు గోడ మాత్రం నిలబడదు, నిన్ననే పడగొట్టించాను. పుస్తకాలు గోనెసంచుల్లో కట్టించి వంటింటి పక్కన వేయించాను.

ప్రేమతో,
సిస్టర్ ఫిలోమినా

తా.క.: నీ కుర్చీ విరిగింది. ఎలాగూ ఇక దానితో నీకు పని లేదు.

ఖుడీ ఇసుక దిబ్బలు

గౌరవనీయులైన సిస్టర్ గారికి, లెహర్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి దిబ్బ మీద కూర్చుని ఏడ్చాను. కంట్లో ఇసుక పడిందనుకుని అందరూ ఊదారు.

పెంచండి అన్న మాట నిజమే. చేతులు జోడించి అన్నాను. ఎవరూ కనికరించలేదు. నిన్న మోటార్‌సైకిల్ లాంటి నాలుగు చక్రాల బండి నడపమన్నారు. పెంచండి అన్నాను. వెనక కూర్చున్న పెంబా గారు నా బొటనవేలి మీద తన వేలు పెట్టి వేగం మీట నొక్కారు. ఒక ముసలమ్మ మంచం మీద సాంగ్రీ కాయలు ఆరబెట్టుకుంటోంది. ఆ మంచం చుట్టూ మూడుసార్లు తిరిగాం. "నాలుగో చుట్టు తిరిగావంటే మన ఆచారం ప్రకారం వాడితో పెళ్లయిపోయినట్టే. దిగు బిడ్డా," అంది.

గదే పోయాక సర్టిఫికెట్ ఎందుకు? అయినా రేపు చెక్క పలక మీద జారుతూ దిబ్బ దిగమన్నారు, దిగుతాను. నాకు మిగిలింది కిందికి పోవడమే.

మీ విధేయురాలు,
లెహర్

తా.క.: పెద్ద నిఘంటువును అట్ట పట్టుకుని ఎత్తనీయకండి. దాని నడుం ఇప్పటికే విరిగింది. నాదీ అంతే.

బాడ్‌మేర్ కాన్వెంట్

ప్రియమైన లెహర్‌కు, ప్రభువు నీకు తోడు.

నీ ఉత్తరం తీరు చూస్తే ఎండ తగిలినట్టుంది. మజ్జిగ తాగు. ఠాకుర్‌సా జోధ్‌పూర్ వెళ్లారు. వచ్చేలోగా అంతా పూర్తిచేసి చూపిస్తాను.

ప్రేమతో,
సిస్టర్ ఫిలోమినా

తా.క.: పాత బీరువాలు పొయ్యిలోకి ఇచ్చేశాను. చక్కగా మండాయి.

ఖుడీ ఇసుక దిబ్బలు

గౌరవనీయులైన సిస్టర్ గారికి, లెహర్ కడసారి నమస్కారాలు.

ఈ రోజు పలక మీద నిలబెట్టగానే మళ్లీ పెంచండి అన్నాను. పెంబా గారు ఇంకా ఎత్తైన దిబ్బకు తీసుకెళ్లారు. సాదూల్ ఖాన్ ఒంటె దిగి ఆయన్ను కసిరాడు.

"ఏమయ్యా కొండలాయనా, బిడ్డ ఆపమంటుంటే పైకెక్కిస్తావేం?"

"పెంచమంది కదా."

"మా వైపు దీపం ఆర్పమంటారా ఎవరైనా? పెంచమంటారు. దుకాణం మూయమనరు, పెంచమంటారు. అశుభం నోట రాకూడదని. నీకు తాళ్లే నేర్పారు, మాట నేర్పలేదు."

పెంబా గారు ఇసుకలో మోకరిల్లి నా కాళ్ల పట్టీలు విప్పారు. లేచి నాకు టీ తెచ్చిచ్చారు.

లైబ్రరీ లేని బడిలో లైబ్రేరియన్ అనవసరం. దీన్నే నా రాజీనామా అనుకోండి.

మీ లెహర్

తా.క.: పట్టీలన్నీ విప్పేశాక ఒక్కసారి నాకు నేనుగా జారాను. ఎవరికీ చెప్పకండి. బాగుంది.

బాడ్‌మేర్ కాన్వెంట్

నా లెహర్‌కు, ఆశీస్సులు, క్షమాపణలు.

నీ ఉత్తరం చదివి గోడ పట్టుకుందామనుకున్నాను. అక్కడ గోడ లేదు.

నేను కొట్టాయం మనిషిని. ఆ రోజు ఠాకుర్‌సా లైబ్రరీ మధ్యలో నిలబడి, "సిస్టర్, ఇక దీన్ని పెంచేయండి," అన్నారు. ఎంత పెద్ద మనసో అనుకున్నాను. గోడ తీయించి కుట్టు గదిని కూడా కలిపేశాను. కొత్త బీరువాలు వచ్చాయి. నీకు చేతుల కుర్చీ చేయించాను. గుమ్మం మీద ఆయన తల్లిగారి పేరు చెక్కించాను.

నిన్న ఆయన వచ్చారు. ఆ పేరు వైపు చాలాసేపు చూశారు.

"ఇదేమిటి సిస్టర్?"

"మీరన్నట్టే పెంచాం, ఠాకుర్‌సా."

తల్లి పేరున్న గదిని మూయమనడానికి ఆయనకు నోరు రాలేదు. నీ రాజీనామాను మడిచి కొత్త బీరువా కాలి కింద పెట్టాను, ఎత్తు సరిపోయింది. త్వరగా రా. పుస్తకాలు వంటింటి వాసన వేస్తున్నాయి.

ప్రేమతో,
సిస్టర్ ఫిలోమినా

తా.క.: వెళ్తూ వెళ్తూ ఆయన మేస్త్రీతో, "ఇక చాలు, పెంచెయ్యి," అన్నారు. మేస్త్రీ బెంగాల్ నుంచి వచ్చినవాడు. పై అంతస్తుకు ఇటుకలు మోయిస్తున్నాడు. ఆ మాటకు అర్థం నాకు ఇప్పుడు తెలుసనుకో. కానీ అశుభం నా నోట మాత్రం ఎలా వస్తుంది?