అయ్యగారి ఎడమ చెంప

సోమవారం

ప్రేమగల అక్కకి, నీ తమ్ముడు కత్తెర వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఈ ఉత్తరంలో ఒక్క అబద్ధమైనా తగ్గిద్దామని.

అక్కా, నేను మళ్ళీ తాగుతున్నాను. నాలుగు నెలలయింది. ఎందుకురా అంటావు. కారణం ఉంటే బాగానే ఉండేది, దాని మీదకి తోసేసేవాణ్ణి. ఎవరూ పోలేదు, ఎవరూ తిట్టలేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం కొట్లో గిరాకీ లేదు. అద్దంలో నా మొహమే నాకు కనిపిస్తోంది. అది చూడలేక లేచి వెళ్ళాను. అంతే.

కొట్లో తలలు తడపడానికి నీళ్ళు చిమ్మే సీసాలు రెండున్నాయి. నీలం మూతది జనానికి, ఎర్ర మూతది నాకు. నీళ్ళలా కనిపించే సరుకే తెస్తాను. గ్లాసు తీస్తే ఎవరైనా చూస్తారని, దోమల మందు కొట్టినట్టు నోట్లోకి చిమ్ముకుంటాను. నవ్వకు. నవ్వినా పర్లేదులే, నాకే నవ్వొస్తుంది ఒక్కోసారి. నీ మరదలు లోషన్ వాసన అనుకుంటోంది. మంగలివాడి మొగుడితనంలో ఉన్న సుఖం అదొక్కటే.

నా సాక్ష్యం సంగతి నీకు తెలుసుగా. ఏటా నేను తాగుడు మానేసిన నెల రాగానే, మొదటి ఆదివారం నన్ను చర్చిలో సంఘం ముందు నిలబెట్టి, ప్రభువు నన్నెలా మాన్పించాడో చెప్పిస్తారు. ఆరేళ్ళుగా చెబుతున్నాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారో నాకు కంఠస్థం. పక్క సంఘాలవాళ్ళు కూడా పిలుస్తున్నారు. నా సాక్ష్యం నాకంటే బాగా బతుకుతోందక్కా. వచ్చే ఆదివారం మళ్ళీ నా వంతు. నీ మరదలు అప్పుడే తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి కొయ్యకి తగిలించింది. ఆ చొక్కాని చూస్తే దడ పుడుతోంది.

ఇంతవరకే అయితే నా చావు నేను చచ్చేవాణ్ణి. మొన్న శనివారం మా పాస్టరు అయ్యగారు ఎప్పట్లాగే జుట్టుకీ గడ్డానికీ వచ్చారు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను తొందరలో ఎర్ర మూతది తీసి ఆయన నెత్తి మీద నాలుగుసార్లు చిమ్మేశాను. చొక్కా కాలరుదాకా కారింది. ఆయన ముక్కు ఎగబీల్చారు.

"ఇవాళ నీళ్ళు ఘాటుగా ఉన్నాయే" అన్నారు.

"కొత్త లోషన్ అయ్యగారూ" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి అద్దంలో నన్ను చూశారు. చాలాసేపు చూశారు. "సరే కానీ" అని మళ్ళీ మూసుకున్నారు. ఇలాగే ప్రభువుని ఎరగనని బొంకిన ఆ శిష్యుడు ఒక్క కోడి కూస్తే బయటికెళ్ళి ఏడ్చాడు. నా కొట్టు పక్కనే కోళ్ళ దుకాణం. నలభై కోళ్ళు పొద్దున్నించీ కూస్తూనే ఉన్నాయి, నాకు కన్నీటి చుక్క రాలేదు.

ఆయన అటునుంచటే మంచాన పడ్డ ఒక ముసలావిడ ఇంటికి ప్రార్థనకి వెళ్ళారు. తల మీద చెయ్యి పెట్టడానికి వంగారట, కోడలికి గుప్పుమంది. సాయంత్రానికి ఊరంతా పాకింది. సంఘ పెద్దలు పిలిచి అడిగారు. "వాసన వచ్చిన మాట నిజం. నేను తాగిన మాట అబద్ధం" అన్నారట. "మరెలా వచ్చింది?" అంటే నోరు విప్పలేదట. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని ఉంచాలా పంపించాలా తేలుస్తారు. అంటే అక్కా, అదే పూట నేను తెల్ల చొక్కా వేసుకుని తాగుడు మానిన కథ చెప్పాలి, ఆయన తాగుబోతు పేరుతో పెట్టె సర్దుకోవాలి.

నిజం చెప్పే దమ్ము నాకు లేదు. అబద్ధం చెప్పే దమ్మూ అయిపోయింది. నాలాంటివాడు దేవుడి పేరెత్తకపోవడమే ఆయనకి మర్యాద. సంఘం వదిలేస్తాను. శనివారం పొద్దున బస్సుకి నీ దగ్గరికొచ్చేస్తాను. నీకు ఒంట్లో బాలేదని ఇక్కడ చెబుతాను. కాస్త రెండు రోజులు మంచం మీద పడుకో, మూలగడం నీకు అలవాటే కదా.

దిక్కు తోచని నీ తమ్ముడు
కత్తెర

గురువారం

ఒరేయ్ కత్తెరా,

నాకు జబ్బు లేదు. వచ్చినా తలుపు తియ్యను.

ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్నాను. కాస్త నయమయ్యాక వస్తామని గేటు దగ్గరనుంచి వెనక్కి తిరిగినవాళ్ళని ఎంతమందిని చూశానో. వాళ్ళు తర్వాత నడిచి రాలేదురా, మోసుకొచ్చారు. నువ్వు బాగుపడ్డాక ప్రభువు దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నావు. ఏ మొహం ఉంటే ఆ మొహంతోనే వెళ్ళు.

ఆ మనిషి నీకోసం నోరు కుట్టుకున్నాడు. నువ్వు నోరు తెరువు. మిగతావన్నీ తర్వాత ఏడుద్దాం, కలిసి.

నీ అక్క

మంగళవారం

మా ఇంటి డాక్టరమ్మకి, తమ్ముడు రాసేది.

ఆదివారం గడిచి తొమ్మిది రోజులైనా ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి చెయ్యి నిలవలేదు.

ఆ పొద్దున తాగకుండా వెళ్ళానని రాయాలని ఉంది. కొంచెం పుచ్చుకునే వెళ్ళాను. నిలబడగానే పాత మాటలు వాటంతటవే వచ్చాయి. అలవాటైన చోట ఆడవాళ్ళు కళ్ళకి కొంగులు ఎత్తారు. అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. జేబులోంచి ఎర్ర మూత సీసా తీసి బల్ల మీద పెట్టాను. "అయ్యగారి దగ్గర వచ్చిన వాసన ఇదే. నేనే చిమ్మాను. నాలుగు నెలల్నించి తాగుతున్నాను. ఇప్పుడు కూడా తాగే నిలబడ్డాను" అన్నాను. ఒకావిడ కొంగు కంటి దగ్గరే ఆగిపోయింది. వెనక ఎవరో "ఛీ" అన్నారు. ఆరేళ్ళలో నా సాక్ష్యానికి నిజాయితీగా వచ్చిన స్పందన అదేననుకుంటా.

పెద్దలు ఆయన్ని క్షమాపణ అడిగారు. నన్నింక నిలబెట్టొద్దని తీర్మానించారు. న్యాయమే. అందరూ వెళ్ళాక అయ్యగారితో, "మీకు ముందే తెలుసా?" అన్నాను.

"నెత్తిన పోశాక కూడా తెలియకపోతే ఎలారా?"

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"సాక్ష్యం నీది కదా. నేనెలా చెప్తాను?"

అప్పుడొచ్చిందక్కా ఏడుపు. కోళ్ళ అవసరం లేకుండానే.

నీ మరదలు దారంతా నాకంటే పది అడుగులు ముందే నడిచింది. ఇంటికెళ్ళాక, "చొక్కా విప్పండి, ఉతకాలి" అంది. అంతే. మూడు రోజులు ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి.

అక్కడితో మానేశానని రాస్తే కథ బాగుండును. బుధవారం మళ్ళీ తాగాను. గురువారం పొద్దున్నే అయ్యగారి గుమ్మం ముందు కూర్చుని, "మళ్ళీ పడ్డాను" అన్నాను. ఆయన తిట్టలేదు. "పడి ఎక్కడికొచ్చావో చూసుకున్నావా?" అన్నారు. ఆ రోజు నుంచి ముట్టలేదు. ఇవాళ్టికి ఆరు రోజులు. ఆరేళ్ళ కంటే ఈ ఆరు రోజులే బరువుగా ఉన్నాయి.

కొట్టుకి ఎవరూ రావడం లేదు. వణికే చేతికి పీక అప్పగించేదెవరు? మొన్న శనివారం ఆయన వచ్చారు. కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, గొంతు నాకు అప్పగించి కళ్ళు మూసుకున్నారు.

"చెయ్యి వణుకుతోంది అయ్యగారూ. తెగితే?"

"తెగితే పటిక ఉందిగా. నిదానంగా చెయ్యి, నాకు తొందర్లేదు."

కుడి చెంపకే గంట పట్టింది. మూడు చోట్ల గాటు పడింది. ఎడమ చెంపకి వచ్చేసరికి చెయ్యి నా మాట వినడం మానేసింది. కత్తి కింద పెట్టేశాను. ఆయన అద్దంలో చూసుకుని, "ఉంచు, వచ్చే వారం చేద్దువుగాని" అని లేచారు. ఇంకో కొట్టుకి వెళ్ళలేదక్కా. ఆదివారం ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా పెట్టుకుని సంఘం ముందు నిలబడి వాక్యం చెప్పారు. నేను వెనక బెంచీ మీద కూర్చుని ఆ గరుకు చెంపనే చూస్తూ ఉన్నాను. కాసేపటికి నీ మరదలు ఆడవాళ్ళ వైపు నుంచి తిరిగి నన్ను చూసింది. నవ్వలేదు. కానీ చూసింది.

శనివారానికి ఇంకా నాలుగు రోజులు. జీవితమంతా మారాలని నాకోసం ప్రార్థన చెయ్యకు, అంత పెద్దవి నేను మొయ్యలేను. ఎడమ చెంప కోసం చెయ్యి.

ప్రభువు ఇంకా వదలని
నీ తమ్ముడు కత్తెర