సున్నాలన్నీ నావే

మార్చి 4
సర్వే ఉద్యోగంలో చేరి నెలయింది. ఇల్లిల్లూ తిరిగి ఇరవై ప్రశ్నలు చదవాలి, ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు దాకా నెంబరు వేయాలి. ఏ జాతివాళ్ళది ఎలాంటి స్వభావం, ఎవరికెంత దిగులు అన్నది ప్రొఫెసర్ మేడమ్ తేలుస్తారు. వంతెన అవతలివాళ్ళు రెండో ప్రశ్నకే ఏడ్చేస్తారు. మనవాళ్ళు ఏమడిగినా, ఏదో అలా నడుస్తోందమ్మా అంటారు. దానికేం నెంబరు? సున్నా వేస్తున్నాను. కాళ్ళు పీకుతున్నాయి.

మార్చి 9
నింపిన ఫారాలు తక్కువయ్యాయని మా వదిననే కూర్చోబెట్టాను. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలని ట్రైనింగులో చెప్పారు. పక్కనే అమ్మ బట్టలు మడతపెడుతోంది. అవతలికి వెళ్ళమనడానికి నాకెక్కడి నోరు?
నిద్ర పడుతోందా అంటే, నాకేం, కుంభకర్ణుడి చెల్లెల్ని అని నవ్వింది వదిన. బతుకు మీద విసుగు పుడుతోందా అని చదివాను. అమ్మ చేతుల వైపు చూసి, ఏదో అలా నడుస్తోందిగా అంది.
సున్నా.

మార్చి 10
ఒళ్ళు నొప్పులు. సెలవు పెట్టలేదు.

మార్చి 17
ఆఫీసులో మీటింగ్. అన్ని జాతుల్లోకీ మనవాళ్ళకే దిగులు తక్కువట. మీవాళ్ళు గుండె దిటవు గలవాళ్ళండీ అన్నారు మేడమ్. అందరూ నావైపు చూశారు. సిగ్గులేకుండా నవ్వాను.
నెంబర్లన్నీ కలిపి పదిహేను దాటినవాళ్ళకే సర్వే డాక్టరు ఫోన్ చేస్తుంది. వదినకు వచ్చింది రెండు.

మార్చి 18
వంటింట్లో సింకు పొంగి నేలంతా నీళ్ళు. వదిన కొళాయి ముందే నిలబడి ఉంది, కట్టలేదు. నేను కట్టాను. ఈమధ్య దీనికి పరధ్యానం ఎక్కువైందని అమ్మ విసుక్కుంది. వదిన తడి పాదాలతో అలాగే ఉంది. భయమేసింది. ఊరందరినీ అడిగే నోరు ఇంట్లో పెగల్లేదు.

మార్చి 20
మేడమ్‌కు చెప్పేశాను. పక్కన ఇంట్లోవాళ్ళుంటే మావాళ్ళు పెదవి విప్పరని, సున్నాలన్నీ నావేనని. తిట్టలేదు. నేను సున్నాలు వేసిన నలభై ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళమన్నారు. తిట్టినా బాగుండేది.

మార్చి 21, రాత్రి
సాయంత్రం నాలుగింటికి మందుల షాపుకని చెప్పి వదినను పార్కుకు తీసుకెళ్ళాను. ఫారం తీశాను. లాక్కుంది. ముందు నువ్వు చెప్పు, నీకు నిద్ర పడుతోందా అంది. ఏదో అలా అనబోయి ఏడ్చాను. తరవాత తనూ చెప్పింది. సింకు సంగతి కూడా. చీకటి పడ్డాక గానీ ఇద్దరికీ ఇరవై ప్రశ్నలూ అవలేదు.

మార్చి 22
వదినకు ముప్ఫై ఒకటి. నాకు పదిహేడు. డాక్టరు రేపు ఇద్దరికీ ఫోన్ చేస్తుంది.
అమ్మ బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా, నన్నెప్పుడు అడుగుతావే అంది.