యాభై ఇళ్ళు, రెండు చేతులు

29 మార్చి 2020, బేతంచెర్ల

గ్రామ వాలంటీర్లందరూ గ్లౌజులు వేసుకోవాల్సిందేనని గ్రూపులో మెసేజ్ వచ్చింది. కరోనా పుణ్యమా అని నా అరచేతులు ఇక ఎవరికీ కనపడవు. సోరియాసిస్ వచ్చి ఆరేళ్ళు. ఇన్నాళ్ళూ చేతులకు చున్నీ చుట్టుకునే నా వంతు యాభై ఇళ్ళూ తిరిగాను.

1 ఏప్రిల్

పెన్షన్లు ఇచ్చొచ్చాను. ఈ నెల మెషిన్‌లో వాళ్ళదీ నాదీ వేలిముద్ర కూడా వద్దంట, వాళ్ళ ఫోటో చాలంట. పగిలిన నా బొటనవేలిని ఆ మెషిన్ ఏనాడూ ఒక్కసారికి ఒప్పుకోలేదు. అమ్మయ్య!

9 ఏప్రిల్

శానిటైజర్ రాస్తే కారం పూసినట్టుంది. గ్లౌజుల్లో చెమట. విప్పితే చర్మం కూడా ఊడొచ్చింది.

11 ఏప్రిల్

కర్నూలు రెడ్ జోన్. మా స్కిన్ డాక్టర్ ఓపీ బంద్. వాట్సాప్‌లో ఫోటోలు పెడితే ఆయనే ఫోన్ చేశారు. ముందు ఆ గ్లౌజులు తీసెయ్యమన్నారు. సబ్బుతో కడుక్కుని, తడి ఆరకముందే ఆయింట్‌మెంట్ రాసుకోమన్నారు. ఎవరికీ అంటుకోని జబ్బును ఎందుకమ్మా దాస్తావు అని కోప్పడ్డారు.

ఆయనకేం, చెప్తారు. పక్కింటివాళ్ళు తుమ్మితేనే తలుపులు వేసుకుంటున్నారు జనం. పొట్టు రాలే చేత్తో రేషన్ టోకెన్ ఇస్తే ఎవరు తీసుకుంటారు? ఒక్క ఇల్లు కంప్లయింట్ ఇస్తే నా పని పోతుంది. నాన్న పనిచేసే బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ మూసేశారు. ఇప్పుడు ఇల్లు నడిచేది నాతోనే.

15 ఏప్రిల్

గ్లౌజులతోనే వెళ్ళాను. పిరికిదాన్ని.

16 ఏప్రిల్, ఉదయం 11

ఇక నొప్పి ఓర్చుకోలేక వట్టి చేతులతో బయల్దేరాను. మొదటి ఇల్లు నాగక్కది. ఇరవై ఏళ్ళు ఫ్యాక్టరీలో బండలు కడిగిన మనిషి, నోటికి జంకు లేదు. టోకెన్ అందుకోబోయి నా చెయ్యి చూసి ఆగింది. పైప్రాణాలు పైనే పోయాయి.

ఫ్యాక్టరీలు మూసినా నీ చేతులింకా మానలేదేం పాపా అంది. ఈ ఉద్యోగం ఉండాది గదా, మళ్ళా బండల పనికి ఏంటికి పోతాండావు అని మందలించింది.

పని కాదక్కా, జబ్బు అని చెప్పేశాను.

నాగక్క ఒకటే నవ్వు. వీధంతా నువ్వు రెండు పన్లు చేస్తాండావని అయ్యో అనుకుంటాండామే, చున్నీ కింద మాకు కనపడదనుకున్యావా అంది. తన అరచేతులు చూపించింది. నావే నయం. టోకెన్ నా చేతిలోంచి లాక్కుని, మందు సరిగ్గా పూసుకోమని తిట్టి పంపింది. సందు మలుపు తిరిగాక ఏడ్చాను.

సాయంత్రం 6

యాభై ఇళ్ళూ అయ్యాయి. ఈరప్ప తాత ఒక్కడే టోకెన్ అరుగు మీద పెట్టి దూరం పొమ్మన్నాడు. మనసు చివుక్కుమంది. తర్వాత తెలిసింది, సొంత కొడుకునూ అట్లాగే నిలబెడుతున్నాడంట. ఎంత హాయిగా ఉందో!

3 అక్టోబర్

చేతులు మళ్ళీ పగిలాయి. మా యాభై ఇళ్ళలోని అంజలికి కాన్పయి నెల. పాప పేరు రేషన్ కార్డులో ఎక్కించడానికి వెళ్ళాను. ఆధార్ వెతకడానికి లోపలికి పోతూ, అడగనైనా అడక్కుండా, పాపను నా చేతుల్లో పెట్టి పోయింది.

యాడ పెట్టినానో ఏమో అని లోపలినుంచి అరుస్తోంది. తొందరేం లేదన్నాను.