తెల్లచీర గాజుపలక

కోడుమూరు,
1936 ఫిబ్రవరి 20.

చిరంజీవి దావీదురాజుకు అక్క కృపమణి ఆశీర్వదించి రాయునది.

ప్రభువు కృపవల్ల ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అంటే ప్రాణాలతో ఉన్నాం. నీ క్షేమం నేను అడగను. మద్రాసు ఫోటోల పత్రికలో పేరు అచ్చయినవాడికి క్షేమానికేం తక్కువ?

జొన్న ఎట్లా పండిందని అడిగావు. మోకాలెత్తు కూడా రాలేదు. అయినా నా బడి జీతంతో రెండు పూటలా తింటున్నాం. ఎవరి గడపా తొక్కలేదు. ఈ మాట నీ పత్రికవాళ్లకు కూడా చెప్పు.

పత్రిక చూసి అమ్మ మురిసిపోయిందా అని అడిగావు. ఎంత ముచ్చటగా అడిగావురా! నువ్వు దాన్ని మన గుడి ఉపదేశి శాంతయ్యగారికి పంపి, ఆరాధన అయ్యాక అందరికీ చూపించమని చీటీ కూడా పెట్టావు. పాపం ఆయన నీ మాట నమ్మి అట్లాగే చేశాడు. ఆ నెల పత్రిక అంతా 'ఆకలి' మీదనట. మొదటి పేజీలోనే అమ్మ. చేనికి పోయే మాసికల చీర, చేతిలో ముంత, చాచిన చేయి. కింద ఇంగ్లీషులో ఉన్నదాన్ని శాంతయ్యగారు తెలుగు చేస్తూ పైకి చదివాడు. "కరువు సీమలో ఒక బిచ్చగత్తె." చదివిన వెంటనే ఆయన పత్రిక మూసేశాడు. కానీ గుడిలో అందరూ విన్నారు. అమ్మ ముందు వరుసలోనే కూర్చుని ఉంది.

ఆ ముంత ఏమిటో నీకు తెలియదా? పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు గింజలు దేవుని పేర పక్కకు తీసి, ఆదివారం గుడికి ఇచ్చే ఇంట్లోనే కదా నువ్వు పెరిగావు? ఇరవై రెండేళ్లుగా ఇంటింటికీ పోయి ఆ పిడికెళ్లు ముంతలో పోగుచేసేది అమ్మే కదా? ఆ గింజలతోనే కదా పెద్ద కరువులో గంజి కాచింది? దేవుని కోసం పట్టిన ముంతను అడుక్కునే ముంత చేశావు. సిగ్గనిపించలేదట్రా నీకు?

కింది మాటలు పత్రికవాళ్లు రాసుకున్నవి, నా తప్పేం లేదు అని రాశావు. భలే చెప్పావు! 'ఆకలి' అని అడిగినవాళ్లకు అమ్మ బొమ్మ పంపింది వాళ్లా, నువ్వా? ఫోటోలు తీసిన ఆరోజు అమ్మ తెల్లచీర కట్టుకుని గడపలో నిలబడితే ఒక ఫోటో తీశావు. తర్వాత "ఈ చీర వెలుతురుకు కుదరడం లేదమ్మా, చేనికి పోయేది కట్టుకొని రా" అన్నావు. కొడుకు అడిగాడని ఆమె మారు మాట్లాడకుండా మార్చుకొచ్చింది. వెలుతురు బాగానే ఉందిరా. నీ బుద్ధే బాగాలేదు.

మర్నాడు ఆ కబురు విని పక్కింటి ఓబులమ్మ చేటలో జొన్నలు పోసుకుని వచ్చింది.

"ఏం పెద్దమ్మా, ఇంట్లో గింజల్లేకుంటే నాకొక మాట చెప్పకూడదా? ఆ పొద్దు నీ చేతి గంజి తాగి బతికినోళ్లం మేము."

ఓబులమ్మది మంచి మనసే. అందుకే అమ్మకు ఇంకా గుచ్చుకుంది.

"నేనెవురింటి ముందర చేయి చాపితినే? అది దేవుని ముంత కదే! గింజలు శానా ఉండాయి మాకు, తీసుకొని పో" అంది.

ఓబులమ్మ పోయాక ముంతను అటక మీద బోర్లించింది. మూడు ఆదివారాలైంది, గుడికి రావడం లేదు. దగ్గు పట్టుకుంది, రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటోంది. నన్ను మాత్రం రోజూ అడుగుతోంది. "వాడు తెల్లచీర ఫోటో పంపిస్తాననె. టపా వచ్చిందా పాపా?" ఆ తెల్లచీరది నువ్వు కాగితం మీద అచ్చే తీయలేదని ఆమెకు ఏ నోటితో చెప్పను?

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. మద్రాసు చెమ్మకు పాడవుతాయని క్రిస్మస్‌కు మన పెట్టెలో పెట్టిపోయిన ఫోటోల గాజుపలకలు పంపమన్నావు. ఈసారి పత్రికలో 'ముసలితనం' అట! నీ నోట్లో మన్ను పడ! వాళ్లు 'చావు' అని అడిగితే ఏం చేస్తావురా?

పంపను. ఎందుకో కూడా చెప్తాను. ఇంతసేపూ నిన్ను తిట్టింది ఈ మాట రాయడానికి చెయ్యి రాకే.

గుడిలో పత్రిక చూపించిన ఆదివారమే పెట్టె తెరిచాను. అమ్మవి రెండు పలకలు. అదే గడప, అదే ముంత, చీరలే వేరు. వెలుతురుకు పట్టి చూశాను. ఒకదానిలో చీర తెల్లగా ఉంది, ఒకదానిలో నల్లగా. నల్లగా ఉన్నదే మాసికల చీర అనుకున్నాను. వేణ్ణీళ్లలో సోడా వేసి, కసి తీరా పీచుతో తోమాను. ఆ బిచ్చగత్తె ఆనవాలు లేకుండా పోయిందని ఎంత సంతోషపడ్డానో! వట్టి గాజు మిగిలితే వంటింటి కిటికీకి పెట్టాను.

రెండో పలకను కర్నూలులో అచ్చు తీయించమని శాంతయ్యగారికి ఇచ్చాను. ఆయన దాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాజు మీద అన్నీ తారుమారుగా ఉంటాయి కదమ్మా. తెల్లది నల్లగా, నల్లది తెల్లగా. నువ్వు యాది కడిగినావు?" అన్నాడు.

నేను కడిగింది తెల్లచీర అమ్మను. నా చేతులతోనే. ఆ కిటికీ దగ్గరే కూర్చుని అమ్మ రోజూ జొన్నలు చెరుగుతోంది. "వెలుతురు బాగొస్తాండాదే పాపా" అంటోంది. ఆమెకు ఇంకా చెప్పలేదు. నువ్వు చేసింది తప్పు, నేను చేసింది ఘోరం. మిగిలిన పలకను పగలగొట్టాలని రోకలి ఎత్తాను. కానీ ముఖం అమ్మది. కొట్టలేకపోయాను.

నా తప్పు ఒప్పుకున్నానని నీ మీద కోపం తగ్గిందనుకోకు. ఈస్టరు ముందరి మట్టల ఆదివారం లోపల కెమెరా పెట్టె మోసుకుని రా. తెల్లచీర ఉతికి మడత పెట్టాను. అమ్మను గడపలో నిలబెట్టి, ఆమె ఎట్లా నిలబడతానంటే అట్లా తియ్యి. ఆమె దగ్గు నాకు నచ్చడం లేదు. నువ్వు ఆలస్యం చేస్తే, రేపు నీ పిల్లలు మా అవ్వ ఎట్లా ఉండేదని అడిగిన రోజు, చూపించడానికి మన దగ్గర ఉండేది ఆ బిచ్చగత్తె ఒక్కతే.

ఇట్లు,
నీ మీద కోపం తీరని మీ అక్క,
కృపమణి.