రాఘవమ్మ పేరున పడిన రక్తనాళములు

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారి సముఖమునకు, వినుకొండ మండలం ఎర్రవాగుపాలెం వాస్తవ్యుడు, మిరపకోత ముఠా మేస్త్రి పల్లెపోగు నతానియేలు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎం.ఆర్.ఐ. రిపోర్టులో రాఘవమ్మ పేరున పడిన రక్తనాళములను నా భార్య లిడియా పేరునకు మార్పించి, ఆమెను తక్షణం ఆసుపత్రిలో చేర్పించుట గురించి.

1. పురుగుమందు కొట్టిన చేలల్లో పనిచేయు ఆడవారి రక్తనాళములు ఎట్లా పనిచేయుచున్నవో చూచుటకు ఒక ఆసుపత్రి వారు గత నెల మా ముఠాలో పద్నాలుగు మంది పేర్లు రాసుకొని బస్సు పంపినారు. సూది లేదు, కోత లేదు. యంత్రంలో పడుకోబెట్టి, చేతికి బీపీ పట్టీ బిగించి, ఐదు నిమిషాలు రక్తం ఆపి వదులుతారు. వదలగానే నాళం వెడల్పు కావాలి. అయిందో లేదో యంత్రం ఫొటోలు తీస్తుంది. గుండె నుండి వచ్చు పెద్ద నాళమును కూడా చూస్తుంది. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు.

2. తప్పు నాది. యంత్రం గదిలోకి ఇనుము, బంగారం ఏదీ పోరాదన్నారు. జాబితాలో ఆరో పేరు రాఘవమ్మది. "మొగుడు నిక్షేపంలా ఉండగా పుస్తెలు తీయమంటారా? మీ మిషన్లో మీరే పడుకోండి!" అని ఆమె బస్సు దిగిపోయింది. అంతవరకు పసుపుకొమ్ము కట్టుకోమ్మా అని నర్సు గారు బతిమాలినా వినలేదు.

మా ముఠాలో ఒక మనిషి రాకపోతే బదులు ఇంకొక మనిషి వస్తుంది. చీటీలో పేరు మాత్రం రాసింది రాసినట్టే ఉంటుంది. చేలో తలకాయలు లెక్కపెడతారు గానీ మొహాలు చూడరు. ముప్పై ఏళ్లుగా ఇదే అలవాటు. ఆ అలవాటు కొద్దీ నా భార్యను రాఘవమ్మ పేరున బస్సెక్కించితిని. మాది ఉంగరం పెళ్లి, ఉంగరం తీస్తే వస్తుంది. వయసు కూడా ఇంచుమించు సరిపోయింది. తోడుగా మా అమ్మాయి ఆరాధన వెళ్లింది. నేను వెళ్లలేదు.

3. రిపోర్టులు వచ్చినవి. పదమూడు మందివి బాగున్నవి. రాఘవమ్మ పేరున ఉన్నది బాగులేదు. పెద్ద నాళం గోడ వాచినదని, ఎడమచేతికి పోవు దారి దాదాపు మూసుకొన్నదని, బరువు ఎత్తరాదని, వెంటనే చేరవలెనని ఉంది. అక్కడి డాక్టరమ్మ గారు ఫోనులో, "ఇది ఎక్కువగా పాతికేళ్లలోపు ఆడపిల్లల్లో చూస్తామండి, నలభై దాటినావిడకి రావడం విచిత్రంగా ఉంది" అన్నారు. మా రాత అనుకొంటిని.

4. నేను స్వయముగా వెళ్లి జరిగినది జరిగినట్టు చెప్పుకొనగా, గేటు వద్ద గుమాస్తా గారు రిపోర్టు ఎవరి పేరున ఉంటే వారినే చేర్చుకొందుమని, పేరు మార్చవలెనంటే పై అధికారి ఆర్డరు తెమ్మని సెలవిచ్చినారు. పొలం పాసుపుస్తకంలో పేరు తప్పు పడితే ఎమ్మార్వో గారు దిద్దుతారు. రక్తనాళంలో తప్పు పడితే దిద్దేదెవరు? ఏ జబ్బూ లేని రాఘవమ్మకు రోజూ ఫోన్లు. ఆమె ఎత్తి తిట్టి పెట్టేస్తోంది.

5. భయంతోనే పోతుందేమోనని నా భార్యకు ఈ సంగతి చెప్పలేదు. బీపీ అని చెప్పి పన్నెండు రోజులుగా మంచం దిగనివ్వడం లేదు. ఊళ్లో మందులిచ్చే ఆర్‌ఎంపీ బుడే వచ్చి రెండు చేతులా నాడి చూసి, "వదినకేమైందన్నా, నాడి ఇంత గట్టిగా కొట్టుకుంటుంటేనూ!" అంటే, "నీకేం తెలుసురా, నోర్మూసుకో" అని పంపేశాను. ఆమె బదులు ఆరాధనను కోతకు పంపుచున్నాను. చెయ్యి లాగుతోంది నాన్నా అంటే, మీ అమ్మ మంచాన ఉంటే సాకులా అని కసిరితిని. బదులుకు వేరే మనిషి దొరకలేదు.

కావున అయ్యా, ఈ ఆలస్యంలో నా భార్య పోయినచో మరణ ధ్రువపత్రం కూడా రాఘవమ్మ పేరుననే ఇచ్చెదరా అని సవినయముగా అడుగుచున్నాను. పేరు దిద్దించి, ఒక ప్రాణం నిలబెట్టి, ఈ పేదవాని మొర ఇవాళే చిత్తగించవలెను.

తమ విధేయుడు, పేర్లు తారుమారు చేసిన మేస్త్రి,
పల్లెపోగు నతానియేలు

తా.క.: సార్, దీని మీద లిడియా సంతకం కూడా ఉండాలని గుమాస్తా గారు అన్నారు. తప్పనిసరై ఆమెకు చదివి వినిపించాను. రెండో నంబరు దగ్గరే లేచి కూర్చుంది.

"నేనెక్కడ పడుకున్నానయ్యా అందులో? ఆ మోతకి, ఆ సొరంగానికి జడుసుకుని బయటికొచ్చేశాను. గౌను, మాస్కు తొడుక్కుంటే ఎవరో ఎవరికి తెలుస్తుంది? తిడతావని నీకు చెప్పలేదు. నా బదులు అమ్మాయి పడుకుంది."

ఆరాధన ఇప్పుడే చేలోంచి అన్నానికి వచ్చింది. బుడేని పిలిచాను. ఎడమచెయ్యి పట్టుకుని వేళ్లు మార్చి మార్చి నాడి కోసం వెతికాడు. ఆ చెయ్యి నా చేతిలో పెట్టాడు. నేనూ పట్టుకుని చూశాను. చల్లగా ఉంది సార్. పన్నెండు రోజులు ఆ చేత్తో మిరప బస్తాలు మోయించాను. నేనే మోయించాను.

అర్జీ తిరగరాసే టైము లేదు. ఈ కాగితం పట్టుకునే బస్సెక్కుతున్నాం. పైన నా భార్య లిడియా అని ఉన్న ప్రతిచోటా నా కూతురు ఆరాధన అని చదువుకోండి. వయసు పంతొమ్మిది.