మనిషి కూర్చోలేని చోటు

ధాత నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ దశమి.

చిరంజీవి దేవేంద్రప్పకు మీ అవ్వ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. ఈ మాట లేకుండా జాబు మొదలుపెడితే నువ్వు రెండో మాట చదవకుండానే రైలెక్కుతావని రాశాను. నీ క్షేమం నీ జాబు నిండా కనబడింది. మనసులో కష్టమున్నవాడు కారు రంగు గురించి పేజీన్నర రాయడు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. ఒక్కదానికి మాత్రం చివర్లో చెబుతాను, తొందరపడి కిందికి చూడకు.

మీ నాయన బాగున్నాడు. నూలు వ్యాపారం నడుస్తోంది, మోకాళ్ళు నడవడం లేదు. మీ అక్క రత్నమణి డాక్టరమ్మ అయినప్పటి నుంచీ అన్నం నిలబడే తింటోంది. రాయచోటి ఆసుపత్రిలో ఆడవాళ్ళకు ఆమె ఒక్కతే డాక్టరు గనుక కూర్చోమని నేనూ అనలేకపోతున్నాను. నీ భార్య రామేశ్వరమ్మకు తొమ్మిదో నెల వచ్చింది. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లోనే ఉంది. ఆ ఇంటికీ మీ అక్క ఆసుపత్రికీ మధ్య ఏముందో నువ్వు పెళ్ళికొడుకుగా పోయినప్పుడు చూశావు. కొంత దూరం రోడ్డు, తర్వాత మాండవ్య ఏటి ఇసుక, ఆ తర్వాత కంపచెట్ల నడుమ బండిబాట. మోటారు ఇసుక దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి సైకిలును భుజాన వేసుకొని ఏరు దాటి, అవతల ఎక్కి తొక్కాలి. మీ అక్కకొకటి, కాన్పు సామాను పెట్టె మోసే కాంపౌండరు దావీదురాజుకొకటి. కాలినడకన పోతే దారి బారెడు పొద్దు తినేస్తుంది, నొప్పులు అంతసేపు ఆగవు.

ఇంత చెప్పి కారు కొనుక్కు రమ్మని మద్రాసుకు పంపితే నువ్వేం రాశావు? "కారుకు సైకిళ్ళు కట్టుకొని పోతే మద్రాసులో నవ్వుతారు అవ్వా" అని. నవ్వనీ. మాండవ్య ఇసుకలో కాన్పుకు పోయేది మద్రాసువాళ్ళు కాదు.

నువ్వు చూసిన మూడు కార్లలో మొదటిది, అన్ని వైపులా అద్దాలు మూసుకొనేది, ద్రాక్షపండు రంగుది, మెత్తని సీట్లది, మన పని చేయదు. పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పుకునేవాళ్ళకు చెప్పు, మురిసిపోతారు. రెండోదానికి వెనక మూత తెరిస్తే ఇంకో ఇద్దరు కూర్చునే సీటు ఉందనీ, అందులో సైకిళ్ళు పడతాయనీ సంబరంగా రాశావు. మూడోది పాతది, పైన గుడ్డ కప్పు, వెనక సామాను కట్టడానికి మడిచి దించే ఇనుప చట్రం. "ముసలి దున్న మాదిరి ఉంది" అన్నావు. నాకు ఆ దున్నే కావాలి. రెండోది ఎందుకు వద్దో చెబుతాను. మీ నాయన నీకు చెప్పి ఉండడు.

పోయిన నెలలో ఒక పొద్దున ఏటి అవతలి పల్లె నుంచి సుంకమ్మ అనే పిల్లకు నొప్పులని కబురొచ్చింది. మీ అక్క బాడుగకు తిరిగే సర్వీసు కారును మాట్లాడింది. దావీదురాజు సైకిళ్ళు రెండూ వెనక సీటు మీద అడ్డంగా పెట్టి తాడు బిగిస్తున్నాడు. కబురు తెచ్చిన సుంకమ్మ మామా, ఆయన తమ్ముడూ పక్కన నిలబడ్డారు. వాళ్ళు మన నూలు తీసుకొని నేసేవాళ్ళు. వాళ్ళను పలకరించడానికి మీ నాయన వచ్చాడు.

"ఏమప్పా దావీదురాజూ, ఇనప సామాన్లను సీటు మీద కూసోబెట్టి పెద్దోళ్ళను నడిపిస్తావా?"

"అది కాదయ్యా, ఇసక కాడ ఇవి లేకుంటే శానా కష్టం..."

"ఇవి యాడికి పోతాయి? ఎనకాల ఎద్దులబండిలో వస్తాయిలే. మర్యాద అనేది ఒకటి ఉండాదా, లేదా?"

మీ అక్క లోపల పెట్టె సర్దుకొని వచ్చేసరికి సైకిళ్ళు దిగాయి, పెద్దమనుషులు ఎక్కారు. మీ నాయన కూడా ఎక్కాడు, మర్యాదకు తోడుగా. సైకిళ్ళేవని ఆమె అడిగింది. "ఎనకాలే వస్తాండాయమ్మా" అన్నారు. ఇసుక దగ్గర దిగి వెనక్కి చూసినప్పుడు గానీ ఆ ఎద్దులబండికి ఎద్దులే కట్టలేదని తేలలేదు.

మిట్టమధ్యాహ్నం, మాడ్చే ఎండ. ఇసుకలో మీ అక్క చెప్పు ఒకటి తెగింది. రెండోది ఆమే తీసి విసిరేసింది. దావీదురాజు పెట్టె నెత్తిన పెట్టుకొని వెంట పరుగెత్తాడు. మర్యాదస్తులు ముగ్గురూ వెనక రొప్పుతూ నడిచారు.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఇంకాస్త ముందు వచ్చి ఉంటే అని మీ అక్క అనలేదు. సుంకమ్మ మామ అన్నాడు. మీ నాయన ముఖం చూసి కాదు, నేలను చూసి అన్నాడు. ఆ రోజు నుంచి మీ నాయన కారెక్కడం లేదు. ఏ ఊరికైనా ఎద్దులబండిలోనే పోతున్నాడు. నన్ను నోరు మూసుకోనిచ్చే పని ఆయన చేసింది ఈ వయసుకు ఇదొక్కటే.

ఇప్పుడు అర్థమైందా? మన సీమలో కారు పల్లెకు పోతోందంటే దాన్ని ఖాళీగా పోనిచ్చేవాళ్ళు లేరు. మెత్తగా ఉంటే ఎక్కుతారు, గట్టిగా ఉంటే కండువా పరచుకొని ఎక్కుతారు. నీ రెండో కారు వెనక సీటులో సైకిళ్ళు పడతాయి, నిజమే. ఎవరి మామో వచ్చి నిలబడేదాకా పడతాయి. సైకిళ్ళకు కావలసింది మనిషి కూర్చోలేని చోటు. ఎండకు కాలే ఇనుప చట్రం మీద, దుమ్ము మింగుతూ, ఎంత మర్యాదస్తుడైనా కూర్చోడు.

కవరులో పడుగు నూలుపోగు ఒకటి చుట్టి పెట్టాను. అది మీ నాయన దావీదురాజు చేత పంపింది. సైకిలును గోడకు ఆనించి, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా తానే కొలిచి తెంపాడట. నడుమ ఉన్న ముడి దాకా హ్యాండిలు వెడల్పు. ఎవరినీ పిలవలేదట. ఆ పోగు పట్టుకొని పోయి చట్రం కొలువు. సైకిళ్ళు రెండూ ఒకదాని మీదొకటి పడుకోవాలి, వెనక దీపాన్ని కప్పకూడదు, గుంతలో పడితే నేలకు తగలకూడదు. ఆడమనిషి ఒక్కతే ఎత్తి పెట్టుకోగలిగినంత కిందికి ఉండాలి. చూసేటప్పుడు కోటు విప్పి నువ్వే ఎత్తి పెట్టి చూడు. అమ్మేవాడి మాట వినకు.

ఇక నువ్వడిగిన ఆ ఒక్కటి. "రామేశ్వరమ్మ జాబు నాలుగు మాటలతో, వంకర గీతలతో వచ్చింది. నా మీద అలిగిందా?" అన్నావు. అలగలేదు నాయనా. ఆమెకు అక్షరాలు కనబడడం లేదు. రాస్తున్న గీత కళ్ళ ముందు ఈదుతోందట. కాళ్ళు పొంగాయి. ఈ వారం ముఖం కూడా పొంగింది. తలనొప్పి వదలడం లేదు. మీ అక్క రెండురోజులకోసారి వచ్చి చూసి పోతోంది. బండి కుదుపుకు తట్టుకోలేదు, ఉన్నచోటనే చీకటి గదిలో కదలకుండా ఉంచమంది, ఉప్పు మానిపించింది. మూర్ఛ గనుక వస్తే తాను వెంటనే పక్కనుండాలని చెప్పింది. వెంటనే అన్న మాటను రెండుసార్లు అంది. అక్కడ ఆమె డాక్టరులా మాట్లాడలేదు.

జాబు పైన ఊరిపేరు వేయలేదు, గమనించావో లేదో. నేను రాయచోటిలో లేను. మీ అత్తగారింట్లో, నీ భార్య పడుకున్న గది గడప దగ్గర కూర్చొని రాస్తున్నాను. వచ్చి వారమైంది. "అల్లునికి తెలపద్దు పెద్దమ్మా, బెదురుకుంటాడు" అని మీ అత్త గిడ్డమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టును ఇప్పుడే తీసి గట్టున పెట్టాను. మూడు కార్ల మధ్య తీరిగ్గా తిరిగేవాడికి కాస్త బెదురు అవసరం.

కబురు పంపడానికి సైకిలొకటి ఈ ఇంట్లో పెట్టి పోయింది మీ అక్క. మూడోనాడే నీ బావమరిది కాశన్న దాన్నెక్కి, స్నేహితుడి పెళ్ళని ఒంటిమిట్టకు పోయాడు. వచ్చాక అడిగితే, "ఊరికే గోడకు ఆనుకోని ఉండాది కదవ్వా, తుప్పు పడుతుందని తీసుకపోయినా" అన్నాడు. ఇప్పుడది నా మంచం కోడుకు గొలుసుతో ఉంది. తాళంచెవి నా బొడ్లో ఉంది. కాశన్న నాతో మాట్లాడడం మానేశాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

కబురు పోవడానికి దారి ఉంది. మీ అక్క రావడానికే దారి లేదు. సర్వీసు కారు ఆ పూటకు దొరుకుతుందో లేదో, దొరికితే అందులో ఎవరి మామలు ఎక్కుతారో తెలియదు. తంతి ఇద్దామనుకున్నాను. దాంట్లో కారు సంగతీ, ఇసుక సంగతీ, నీ రంగుల పిచ్చి సంగతీ ఇమడవు. అందుకే ఈ జాబును దావీదురాజు చేతికిచ్చి ఈ సాయంత్రమే రైలు టపాలో వేయిస్తున్నాను. అందిన రోజునే ఆ దున్నను కొను. రంగు వేయించడానికి ఆగకు. డ్రైవరును పెట్టుకొని, ఎక్కడా ఆగకుండా తోలించుకొని రా. నేరుగా మీ అక్క ఆసుపత్రి గుమ్మం ముందు నిలుపు. ఇక్కడికి పరుగెత్తుకొని రావద్దు. నువ్వు చేయి పట్టుకుంటే ఆమెకు ధైర్యమే గానీ, మూర్ఛ నీ చేతికి ఆగేది కాదు. ముందు మీ అక్కకు దారి అమర్చు, తర్వాత వచ్చి భార్య పక్కన కూర్చో.

ఇందాక నీ జాబు ఆమెకు చదివి వినిపించాను. ద్రాక్షపండు రంగు దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. ఆ పొంగిన ముఖంతో నవ్వింది. తర్వాత కళ్ళు మూసుకొనే అడిగింది:

"అవ్వా, ఆయప్ప బండి తెచ్చేదాకా నేను కాన్పు ఆపుకోవల్లనా?"

అన్నిటికీ ఎదురు చెప్పే నేను దుప్పటి సర్దాను. ఆమె అడిగింది నిన్ను. జవాబు నువ్వే తేవాలి.

ఇట్లు,
గడప దగ్గరే కూర్చున్న మీ అవ్వ,
గురమ్మ.