నీకు నయమైంది, నాకు కాలేదు

చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, నా పేగు తప్ప. మీ ఆయన తన ఆఫీసు పుస్తకాల కోసం మా బైండింగు షాపుకి వచ్చాడు. ఇంకో గంట పడుతుందని చెప్పి కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను.

"దొంగచాటుగా ఏమైనా తింటున్నావా అక్కా?" అని అడిగావు పోయిన ఉత్తరంలో. వారం రోజులు ఉడికిపోయాను. ఇద్దరికీ ఒకేసారి గోధుమ పడని జబ్బు, సీలియాక్ అన్నారు, ఇద్దరం ఒకే రోజు గోధుమ మానేశాం. ఏడాది తిరిగేసరికి నీ పేగు మామూలైంది, ఒళ్ళు చేశావు. నాది మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

డాక్టరమ్మను అడిగాను. పిల్లలకైతే ఆరు నెలల్లో మానిపోవచ్చట, పెద్దవాళ్ళకు రెండేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువట. మీ చెల్లెలు అదృష్టవంతురాలు అంది. ఆ మాట అవసరమా చెప్పు? తర్వాత ఏం పని చేస్తావని అడిగింది. రోజూ మైదా ఉడకబెట్టి జిగురు చేస్తానని, ఆ చేత్తోనే వేలు నాలుకకు అద్దుకుని పేజీలు తిప్పుతానని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. మైదా కూడా గోధుమేగా. ఏడాదంతా నోరు కట్టుకుని, వేలితో తిన్నానన్నమాట. జిగురు పని పక్క బల్ల ఆయనకి అప్పగించాను. ఇక నాకు మళ్ళీ మొదటి రోజే.

అసలు సంగతి ఇది. నీకు నయమైందని రాసిన రోజు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. చిన్నప్పుడూ అంతే, ఇద్దరికీ జ్వరం వస్తే నీకే ముందు తగ్గేది. నువ్వు వీధిలో ఆడుకుంటుంటే నేను కిటికీలోంచి చూసేదాన్ని. అందుకే, నయమయ్యాక ఎప్పుడైనా ఓ గోధుమరొట్టె ముక్క తింటే ఏం కాదని డాక్టరమ్మ చెప్పిందని నీకు రాశాను. ఆవిడ చెప్పలేదు. నేనే పుట్టించాను. నువ్వు మళ్ళీ నా పక్క మంచానికి రావాలనిపించింది.

ఇందాక మీ ఆయన మురిసిపోతూ, "మీరు రాశారుగా వదినా ఏం కాదని, ఆదివారం దాని పుట్టినరోజుకి మామూలు కేకే చెప్పాను" అన్నాడు. అతన్ని కూర్చోబెట్టి ఈ కాగితం అందుకున్నాను.

ఇది పోయే జబ్బు కాదే. జన్మంతా మానేస్తేనే పేగు నిలబడుతుంది. కవరు మూయకుండా ఇస్తున్నాను. దారిలో అతను చదివి, ఇక నా ముఖం చూడనన్నా సరే. నా కుళ్ళు ఇంకా పోలేదు, అబద్ధమెందుకు? అది నేను పడతాను. నువ్వు మాత్రం ఆ కేకు ముట్టుకోకు.

ఇట్లు,
నీ సుఖం ఓర్వలేకపోయిన
నీ అక్క